సింహగిరి వైఫైకా పరిణయం

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలని ఆలంకారికులు ఏనాడో తేల్చేశారు. నగరం, సముద్రం, పర్వతం, చంద్రోదయం, దూతకార్యం, ప్రయాణం, యుద్ధం, వివాహం... జాబితా పెద్దదే. అందులో ఇంటి అద్దె మాత్రం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ కృతి.

ముందుగా ఇష్టదేవతా ప్రార్థన. గోడనంటి కొలువుండేవాడూ, పచ్చని కళ్లు మిటకరిస్తూ భక్తులను కాచేవాడూ, ఒక్క కన్ను ఎర్రబడితే చాలు మేడమీది వాళ్ల సీరియల్‌తో సహా సమస్త లోకాలనూ లయింపజేసేవాడూ అయిన రూటరు స్వామికి సాష్టాంగం.

తరువాత కుకవినింద. బీచిలో పడక్కుర్చీ వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో కొబ్బరిబోండాంతో ఫొటో దిగి 'ఇదే నా ఆఫీసు' అని పెట్టేవాళ్లందరూ కుకవులే. ఎండలో తెర మీద అక్షరం కనబడదు. గాలికి ఇసుక లేచి కీబోర్డు సందుల్లో దూరిందంటే ఆ తరువాత రాసే ప్రతి మెయిలూ చిత్రకవిత్వమే.

ఇక కథానాయకుడు. డిజిటల్ దేశదిమ్మరి. క్లయింటు అట్లాంటిక్ అవతలి ఒడ్డున, యౌవనం బెంగళూరు సిగ్నళ్ల దగ్గర. ఆయుధం పద్నాలుగంగుళాల ల్యాప్‌టాప్, అక్షయతూణీరం పవర్‌బ్యాంకు, శిరస్త్రాణం హెడ్‌ఫోన్. సముద్రముండే ఊళ్లోనే కాపురం పెడతానని ప్రతిజ్ఞ చేసి, ఛార్జరు వైరును వరమాలగా చేతబట్టి, స్వయంవరం చాటించాడు.

ముంబయి వచ్చి అద్దె చెప్పింది. నాయకుడు మూర్ఛపోయి, సేదతీరి, తరువాతి వారిని పిలవమన్నాడు. చెన్నై ఎండతో వచ్చింది, గోవా వానతో వచ్చింది. కాకినాడ కాజాతో, బందరు లడ్డుతో వచ్చాయి. ఈ రెండు చోట్లా మనవాడి మనసు తొణికిన మాట దాచడమెందుకు? అంతలో సభ తూర్పు వాకిట కలకలం రేగింది. విశాఖ వస్తోంది! ముంబయికి మెరైన్ డ్రైవ్ కంఠహారమని అందరూ పొగుడుతారు. హారం ఎవరికైనా ఉంటుంది. ముక్కు ఉన్న నగరమేది? డాల్ఫిన్స్ నోస్ అంటూ కొండంత నాసిక సముద్రంలోకి చాచి, 1933లో మొదలైన రేవును దాని నీడలో దాచుకుని, నడుముకు ఉక్కు వడ్డాణం బిగించి వచ్చింది. ఆ వడ్డాణం దగ్గర మాత్రం పరాచికం చెల్లదు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఉక్కు అది.

వరమాల పడింది. కానీ నగరాన్ని వరించినవాడు ఇల్లు కూడా వెతుక్కోవాలి కదా.

చంద్రోదయ వర్ణన ఇక్కడ పడుతుంది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానంది, కడలి అడుగు నుంచి కేబుళ్లు తెస్తానంది. ఆ వార్త వచ్చిన రాత్రే ఇళ్ల యజమానుల నేత్రాలలో పున్నమి చంద్రుడు ఉదయించాడు. నాటి నుంచి ఇంకా అస్తమించలేదు.

దూత పాత్రలో బ్రోకరు ప్రవేశించి, మొదట అప్పుఘర్ దగ్గర 'సీ వ్యూ' ఫ్లాటు చూపించాడు. వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టి, ఎడమకు తిప్పి, రెండు నీళ్ల ట్యాంకుల సందులోంచి చూస్తే జానెడు నీలం కనిపించింది. బాల్కనీ గ్రిల్లును ముట్టుకుంటే తుప్పు పొరలు పొరలుగా రాలి అరచేతిలో పడింది. ఉప్పుగాలి గ్రిల్లును తిన్నది, గేటు గొళ్లేన్ని తిన్నది, ఏసీ పెట్టెను సగం తిని మిగతా సగం కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఉంచింది. ల్యాప్‌టాప్ సంచిలోనే గజగజ వణికింది. ఇంతలో వాచ్‌మన్ హుద్‌హుద్ పురాణం ఎత్తుకున్నాడు. 2014 అక్టోబరు 12న ఆ గాలి ఎలా వచ్చిందో, చెట్లూ స్తంభాలూ ఎలా ఒరిగాయో, కరెంటు లేకుండా ఎన్ని రాత్రులు గడిపారో చెప్పుకొస్తుంటే, నాయకుడు శ్రద్ధగా విని, చెప్పులు వేసుకున్నాడు.

ప్రయాణ వర్ణన. ఏటా ఆషాఢంలో భక్తులు సింహాచలం అప్పన్న కొండ చుట్టూ నడిచే దారినే మన నాయకుడు బైకు మీద బయలుదేరాడు. ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం. ప్రతి మజిలీలో ఒక టు-లెట్ బోర్డు, ఒక ప్రశ్నోపనిషత్తు, 'బేచిలర్స్‌కి ఇవ్వమండి' అనే ఫలశ్రుతి. సముద్రం వెనకబడే కొద్దీ అద్దె దిగింది, దిగి దిగి సింహాచలం కొండ మొదట్లో అడవివరం దగ్గర నేలను తాకింది. అక్కడ సంపెంగ పూల వాసనా పనసపండు వాసనా కలిసి ఎదురొచ్చాయి. వీధిలో ఎవరో 'అప్పలరాజూ' అని కేకేస్తే ముగ్గురు తలలు తిప్పారు.

ఇంటావిడ వాకిట్లోనే అడ్డుకుంది.

"ఉజ్జోగమేటి బాబూ? ఆఫీసెక్కడ?"

"ఇంట్లోనేనండీ."

"ఇంట్లో కూకుంటే జీతమెవులిస్తారు? పెల్లయిందా?"

"లేదండీ. పని అమెరికా వాళ్లది, రాత్రిళ్లు చేస్తానండీ."

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "రాత్రంతా మెలకువగా ఉంటావా? అయితే తెల్లారగట్ల మోటారేసీ. నీలు నాలుగ్గంటలకొస్తాయి."

సంధి కుదిరింది.

స్పీడ్ టెస్టు మొదలైంది. హాల్లో ముల్లు గరుడునిలా ఎగసింది. వంటింట్లో నెమలిలా నడిచింది. మంచమూ బల్లా పట్టే ఏకైక గదిలో మాత్రం కూర్మావతారం ఎత్తింది. పాతకాలపు గోడలు, మందం మూరెడు. చివరికి వరండా స్తంభాన్ని ఆనుకుంటే సిగ్నల్ నిండుగా దొరికింది. పైన గుడిలో సంతానం కోరి కప్పస్తంభాన్ని కౌగిలించుకునే దంపతుల మాదిరిగా, కింద మనవాడు బ్యాండ్‌విడ్త్ కోరి ఆ స్తంభాన్ని కావలించుకుని కాపురం మొదలుపెట్టాడు.

యుద్ధవర్ణన క్లుప్తం. మొదటి సోమవారం రాత్రి మీటింగు మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టరు కీచుమంది, మనవాడు ఫోన్ హాట్‌స్పాట్ అనే బ్రహ్మాస్త్రం వేసి గెలిచాడు.

కొండ మీది స్వామి ఏడాదంతా చందనం చాటున ఉండి, వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూపం చూపిస్తాడు. ఆనాటి నుంచి ఆషాఢ పౌర్ణమి దాకా నాలుగు విడతల్లో మూడేసి మణుగుల చందనం మళ్లీ అలదుతారు. ఆ కొండ నీడన ఉంటున్న ప్రభావమో ఏమో, నాయకుడు కూడా ఏడాదంతా కెమెరా ఆపుకునే ఉండి, అప్రైజల్ నాడు మాత్రం క్లయింటుకు నిజరూప దర్శనమిస్తున్నాడు. సముద్రాన్ని ఆదివారం సిటీ బస్సెక్కి వెళ్లి చూసి, ముంత మసాలా తిని వస్తున్నాడు. నా లెక్కలో సముద్రానికి అంత చాలు.

ఈ బాటలో వచ్చేవారికి రెండు మాటలు. అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు నెట్టు వేగం హాల్లో కాదు, మీరు కూర్చునే గదిలో తలుపేసి చూసుకోండి. ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరి ప్రదక్షిణ, లక్షలాది మంది 32 కిలోమీటర్లు నడుస్తారు, బళ్లు మళ్లించేస్తారు. ఆ రోజు మీటింగు పెట్టుకోకండి. పెట్టుకున్నా ఇంటావిడ గదిలో కూర్చోనివ్వదు, గేటు ముందు మజ్జిగ పంచడానికి ఆవిడకు మనిషి కావాలి.