డాక్టర్ తోడేలు గారి మాట్లాడే గంటలు

మా రోజుల్లో పరాయి భాష ఇంటికి వస్తే, వెంట ఒక మనిషి కూడా వచ్చేవాడు. తెనాలి పక్కన మా ఊళ్లో ఎవరికి టెలిగ్రాం వచ్చినా అది తిన్నగా హైస్కూలు హెడ్మాస్టారి అరుగు మీదికి వెళ్లేది. ఇంగ్లీషు కదా, ఇంకెవరికొచ్చు? ఆయన కళ్లజోడు పంచె చెంగుతో తుడుచుకుని, ముందు తనలో తాను చదువుకుని, ఒకసారి మా మొహాలు చూసి, అప్పుడు నోరు విప్పేవారు. మా పెదనాన్న పోయిన కబురు వచ్చినప్పుడు "ఒంట్లో బాగాలేదట, వెంటనే బయల్దేరి రమ్మంటున్నారు" అన్నారు. అనువాదంగా చూస్తే అది శుద్ధ తప్పు. కానీ రాత్రి బస్సు ఎక్కేదాకా మా నాయనమ్మ నిలబడగలిగిందంటే ఆ తప్పు పుణ్యమే.

పురుగుమందు డబ్బా మీది ఇంగ్లీషు కూడా ఆయనే చదివి చెప్పేవారు. మోతాదు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండుసార్లు చదివేవారు.

ఇక పుస్తకాలంటారా, రష్యా వాళ్లవి మాస్కోలో తెలుగులోనే అచ్చయి విశాలాంధ్ర కొట్టుకు వచ్చేవి. గట్టి అట్ట, నున్నటి కాగితం, కాఫీ డబ్బులకు కాస్త అటూ ఇటూ ధర. అనువాదకుడి పేరు లోపల అచ్చయి ఉండేది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటి వాళ్లు అక్కడే కాపురం ఉండి, ఆ చలిలో ఆ పని చేశారు. రాచమల్లు వారైతే ఆ పనిలోని తిప్పలన్నిటి మీదా 'అనువాద సమస్యలు' అని ఒక పుస్తకమే రాశారు. 1988లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వాక్యం బాగుంటే ఆ పేరుకు దణ్ణం పెట్టేవాళ్లం, బాగాలేకపోతే ఆ పేరునే తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు తిట్టుకుందామన్నా పేరేదీ?

నిరుడు రెండో కాన్పుకని అమ్మాయి దగ్గరికి మ్యూనిక్ వెళ్లాం. చలికి నా మోకాలు మొరాయించింది. "మామయ్య గారూ, పేజీ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, తెలుగులోకి అనువాదం అన్నది ఎంచుకుంటే అంతా తెలుగైపోతుంది, మీరే చూసుకోండి" అని దగ్గర్లోని ఒక క్లినిక్ పేజీ తెరిచిపెట్టి అల్లుడు ఆఫీసుకు వెళ్లిపోయాడు. నొక్కాను. అయ్యింది, ఎందుకు అబద్ధం చెప్పాలి! కిందికి జరిపేకొద్దీ ఒక్క క్షణం జర్మన్ కనబడటం, కళ్లముందే తెలుగుగా మారిపోవడం. మా హెడ్మాస్టారు కళ్లజోడు తుడుచుకునే లోపల యాభై పేజీలు అయిపోతాయి.

అయితే ఆ తెలుగులో ఉన్నదేమిటంటే, "డాక్టర్ తోడేలు. మాట్లాడే గంటలు: 8 నుండి 12. నీ బీమా కార్డును తీసుకురా." డెబ్బై రెండేళ్ల మనిషిని పట్టుకుని తీసుకురా అట! పైగా ఆ తోడేలు నాలుగు గంటలపాటు మాట్లాడుతూనే ఉంటే రోగుల్ని చూసేది ఎప్పుడు?

సాయంత్రం అల్లుడు విని పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు. వోల్ఫ్ ఆ డాక్టరు గారి ఇంటిపేరట, ఆ మాటకు అర్థం తోడేలే. రోగుల్ని చూసే వేళల్ని జర్మన్‌లో ష్ప్రెష్‌ష్టుండే అంటారట. విడదీస్తే మాట, గంట. యంత్రం సంధి విడదీసింది, సమాసం మర్చిపోయింది. ఇక ఆ 'నీ' సంగతి. జర్మన్ వాళ్లకీ మనలాగే నువ్వు, మీరు వేరువేరుగా ఉన్నాయి. డూ అంటే నువ్వు, జీ అంటే మీరు. ఇంగ్లీషుకే ఆ తేడా లేదు. యంత్రం చాలా భాషల్ని ముందు ఇంగ్లీషులోకి దించి, అక్కణ్ణుంచి తెలుగుకు ఎక్కిస్తుంది. రెండు మర్యాదస్తుల ఇళ్ల మధ్య కబురు, మర్యాద లేని మూడో ఇంటి మీదుగా వస్తే ఇలాగే ఉంటుంది.

ఇదంతా నవ్వుకునే బాపతు. అసలు దెబ్బ మర్నాడు తగిలింది. కుంటుకుంటూ ట్రామ్ దాకా వెళ్లి, దిగి, క్లినిక్ మెట్లెక్కితే తలుపుకి తాళం. పేజీ అడుగున పసుపుపచ్చ డబ్బాలో ఏదో ఉంది, అది జర్మన్‌గానే ఉండిపోయింది. అలంకారమేమో అనుకున్నాను. రెండు వారాలు సెలవని అందులోనే రాశారట! బొమ్మగా పెట్టిన అక్షరాలను ఈ కుడి బటన్ ముట్టుకోదట. ముట్టుకోలేదని ఒక్క మాట చెప్పదు కూడా. మా హెడ్మాస్టారైతే "ఇది నాకు అంతుపట్టలేదోయ్" అనేవారు.

ఈ యంత్రాల గొప్పలు ఇవాళ్టివి కావు. 1954లో న్యూయార్క్‌లో ఐబీఎం, జార్జిటౌన్ విశ్వవిద్యాలయం కలిసి 250 మాటలు, 6 సూత్రాలతో అరవైకి పైగా రష్యన్ వాక్యాలను ఇంగ్లీషు చేయించాయి. మూడు నుంచి అయిదేళ్లలో పని పూర్తవుతుందన్నారు. 1966లో అమెరికా ప్రభుత్వ కమిటీ ఒకటి, యంత్రం కంటే మనిషే త్వరగా, సరిగ్గా, చౌకగా చేస్తాడని తేల్చింది. ఆ కమిటీ అంటే నాకు మహా గౌరవం. తర్వాత ఎవరు విన్నారు? 2010లో క్రోమ్ బ్రౌజర్‌లోనే అనువాదం వచ్చి చేరింది, 2011లో గూగుల్ అనువాదానికి తెలుగు కలిసింది. 2017లో ముక్కలు అతికే పాత పద్ధతి పోయి, వాక్యాన్ని మొత్తంగా చూసే పద్ధతి తెలుగుకూ వచ్చింది. అంతకుముందు యంత్రం చేసిన తెలుగు చదివిన వాళ్లకు ఇప్పటి తోడేలు గారు కూడా ముద్దుగానే ఉంటారు.

ఈ సోదంతా తొమ్మిదేళ్ల మనవరాలి దగ్గర వెళ్లబోసుకుంటే, చివరిదాకా విని, "తాతయ్యా, మీ హెడ్మాస్టారికి జర్మన్ వచ్చా?" అంది.

రాదు. ఆయనకు ఇంగ్లీషు ఒక్కటే వచ్చు, అదీ ఊరికంతటికీ ఒక్కరు. ఆయన బందరు వెళ్లిన రోజున వచ్చిన టెలిగ్రాం మర్నాటిదాకా దూలానికి వేలాడేది. ఆ మాట దానికి చెప్పలేదు.

ఇంటికొచ్చాక కూడా రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే జపాను వాళ్ల తోటలు, జర్మన్ వంటలు కుడి బటన్ నొక్కుకుని చదువుతూనే ఉన్నాను. మానలేదు. మీరూ మానొద్దు. మందు మోతాదు, డబ్బు లెక్క, తేదీ, మనిషి పేరు వచ్చినచోట మాత్రం పైన కనబడే అసలు భాష పేరు నొక్కి మూలం ఒకసారి చూడండి, అంకెలైనా పోల్చుకోండి. అడుగున పసుపుపచ్చ డబ్బా కనబడితే ఆ భాష తెలిసిన వాళ్లెవరికైనా ఫోన్ చేయండి.