పీలికల పట్టా ఆత్మకథ

నా దేహమున మూడు తావుల బట్టలు కలవు. నడుమ వరుసలలో దట్టముగ, నల్లగ, గరుకుగ నున్నవి ఒక ముదిగొంగడినుండి కోసిన పీలికలు. వానిచుట్టు నున్నవి నారాయణపేట నూలుచీర యంచులు. మూలలయందు ఎఱుపును తెలుపును కలిసి మెఱయునవి కొయ్యలగూడెపు దుప్పటి ముక్కలు. ఇవి యన్నియు రంధ్రములు గల యొక రబ్బరు పట్టాపై ముడివేయబడగా, నల్లగొండ పట్టణమున ఒక యింటి వసారాలో, కుక్క తిండిని దాచిపెట్టు సాధనముగ నేను రూపొందితిని. పళ్లెమున పెట్టవలసినదానిని గుడ్డపీలికలలో దాచుట యేమి వేడుకయని ఇరుగుపొరుగువారు తొలుత అడిగిరి. ఒక ప్రాణికి దూరమైన వృత్తిని దానికి మఱల ఇచ్చుటకే నేను పుట్టితినని నా విశ్వాసము.

నా పూర్వచరిత్రలో అధికభాగము గొంగడిదే గావున దానినే ముందుగ చెప్పుదును. నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో మందవెంట తిరుగు కాపరికి వాన వచ్చిన గొంగడియే గొడుగు. చలి ముదిరిన అదియే దుప్పటి. రైతు చేనిలో ఎరువుకొఱకు మందను కట్టిన రాత్రి అదియే పఱపు. దారిలో గొఱ్ఱె యీనినచో పసికూనను చుట్టి మోయుటకును అదియే. ఈ యుపకారములన్నిటికిని మూలము దక్కనీ జాతి గొఱ్ఱె ఉన్ని. అది మెత్తనిది కాదు. ముతకది, నల్లనిది, వాననీటిని త్వరగా లోనికి రానీయనిది. ఏట రెండుమార్లు కత్తిరించిన యా ఉన్నిని ఏకి కురుమ స్త్రీలు రాట్నముపై వడుకగా, పడుగునకు చింతగింజల గంజి పట్టించి పురుషులు గుంటమగ్గముపై నేయుదురు. నాలోని ఉన్నిని వడికినది ఈ యింటి నాయనమ్మయే. దేవరకొండవైపు గ్రామమున కాపురమున్నప్పుడు తన భర్తకొఱకు ఆమె వడికిన దారమది. ఆయన ఆ గొంగడిని భుజమునుండి దింపిన దినము లేదు.

ఇప్పుడా ఉన్ని దుర్లభము. మాంసమునకు గిరాకి హెచ్చినకొలది, పొడవుకాళ్ల నెల్లూరు గొఱ్ఱె ఈ మెట్టల కెక్కినది. దాని మేన ఉన్నది వెండ్రుకయే గాని నేతకు పనికివచ్చు ఉన్ని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమ కుటుంబములకు 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును చొప్పున పంపిణీ మొదలుపెట్టినప్పుడు పొరుగు రాష్ట్రములనుండి జీవములు లారీలలో వచ్చినవి. కాపరుల చేతికి నాలుగు జీవములు వచ్చుట సంతోషింపదగినదే. నల్ల ఉన్ని నేయు మగ్గములు మాత్రము దానివలన మఱల ఆడలేదు.

తాత కాలము చేసిన పిమ్మట మందను అమ్మివేసిరి. మిగిలిన నాయనమ్మయు, ఆ మందను కాచిన కుక్కయు పట్టణమున కొడుకింటికి చేరిరి. కర్రెగాడను పేరుగల యా కుక్క ఊరిజాతిదే. అయినను చీకటిరాత్రులలో కంచెకవతల నక్క మెదలినను, తోడేలు పొంచినను, కాపరి కన్ను తెరువకముందే దాని నాసిక తెలిసికొనెడిది. తప్పిపోయిన పిల్ల యే పొదచాటున నున్నదో గాలిని పట్టి చూపెడిది. అట్టిదానికి పట్టణమున లభించినవి ఇనుపగేటు ప్రక్కన ఒక గొలుసు, సిమెంటు నేల, పూటపూటకు పళ్లెమున అన్నము. ఆ యన్నమును నాలుగు గుక్కలలో మ్రింగి, పిమ్మట ప్రొద్దు గడచుటకు వేఱు వ్యాసంగము లేక, నేలను గోళ్లతో గీరుచు, గొలుసును కొఱుకుచు, రాత్రివేళ దారిన పోవు ప్రతివానిపై మొఱుగుచు నుండెడిది. దీనిని పొగరని కొందఱును, పిచ్చియని కొందఱును అనిరి. పని పోయిన ప్రాణి దుఃఖమును పొగరనుట అన్యాయమని నేను గట్టిగ చెప్పుదును.

ఆ దుఃఖమును గుర్తించినది మనుమరాలు. రాజేంద్రనగరమున పశువైద్యము చదువుచు సెలవులకు వచ్చిన యామె, ఇంటనున్న పాతబట్టలన్నిటిని పరిశీలించి, తుదకు సందుకలోని గొంగడిపై చేయి వేసెను.

“తాత కప్పుకున్నదాన్ని కత్తిరించి కుక్కకేస్తవా బిడ్డా?” అని నాయనమ్మ అడ్డుపడెను.

“నీకిష్టం లేకుంటే ముట్టను నాయనమ్మా. వానికి తెలిసిన వాసన ఇదొక్కటే గదా అని తీసిన.”

నాయనమ్మ గొంగడిని మోకాళ్లపై పఱచుకొని, చాలసేపు దాని యంచులను నిమిరి, “వానపడ్డప్పుడు తాత కాళ్లకాడ దీని కిందనే పండేది. కొసలు చినిగినయి, నడుమ మంచిగున్నది. సూసి కొయ్యి” అని కత్తెరను తానే అందించెను.

గొంగడిని కుంకుడు రసముతో ఉతికి, మిగిలియున్న గంజి నిశ్శేషముగ పోవువఱకు నానబెట్టి జాడించుటకే చాల ప్రొద్దు పట్టినది. గంజిరుచి మిగిలినచో కుక్క తిండిని విడిచి గుడ్డనే నమలునని ఆమె భయము. పీలికలు జానెడు పొడవున, రెండువ్రేళ్ల వెడల్పున కోయబడినవి. ఒక్కొక్క పీలికను పట్టా క్రిందనుండి ప్రక్కప్రక్క రంధ్రములగుండ పైకి తీసి, పైన ముడివేసి బిగింపగా, కొనలు రెండును గడ్డివలె నిలిచినవి. ముందు అడ్డువరుసలు, పిదప నిలువువరుసలు, ఆ పిమ్మట ఐమూల ముడులు. అడుగు రబ్బరు కంటికి కనబడనంత దట్టమైనప్పుడే తిండి తునక లోతున దాగును. చీరయంచుల విషయమున చిక్కు వచ్చినది. పలుచని నూలు కోసినచోట పోగులు విడుచును. పోగు కడుపులోనికి పోయి ప్రేగులకు చుట్టుకొన్నచో ప్రాణాపాయము. కావున నాయనమ్మ ప్రతి చీరపీలికకును అంచు లోనికి మడిచి సూదితో కుట్టినది. ఏండ్లతరబడి వానకు నాని, ఎండకు ఎండి, పోగునకు పోగు పెనవైచుకొన్న గొంగడి కా యవసరము లేకపోయినది. దుప్పటి ముక్కలకు వేఱొక సుగుణము కలదు: పోచంపల్లి చుట్టుపట్ల నేతలో దారమును నేయకముందే కట్టి రంగులద్దుదురు గనుక బట్టకు రెండువైపులును ఒక్కటే, ఎట్లు ముడివేసినను రంగు నిండుగనే యుండును. ఆ యెఱుపు మనుష్యుల కన్నులకే. కుక్క కన్ను నీలమును పసుపును గుర్తించును గాని, ఎఱుపును ఆకుపచ్చనుండి వేఱుపఱుపజాలదు.

దాని ప్రపంచము నాసికయందున్నది. మనుష్యుని ముక్కున వాసన నెఱుగు కణములు సుమారు 50 లక్షలు కాగా, కుక్కకు 20 కోట్లకు పైబడి యుండును. అది నాపై ముట్టె యాన్చి పీల్చునపుడు లోనికి పోవు గాలి రెండు పాయలై, ఒకటి ఊపిరితిత్తులకును, మఱొకటి ముక్కు వెనుకభాగమున వాసనకై ప్రత్యేకింపబడిన మడతలలోనికిని పోవును. విడుచు గాలి ముట్టె కిరుప్రక్కలనున్న చీలికలగుండ ప్రక్కకు పోవును; అందువలన ఎదుటి వాసన చెదరిపోదు. ఆ ప్రక్కగాలికి నా పీలికలు కదలుటయు, అడుగుననున్న వాసన పైకి లేచుటయు నేను దినదినము అనుభవించుచున్నాను.

తొలిదినమున మనుమరాలు ఎండబెట్టిన జొన్నరొట్టె తునకలను, ఉప్పు వేయక ఉడికించి ఆరబెట్టిన కోడిమాంసపు తునకలను పైపైననే చల్లెను. క్రొత్తదానికి ఆదియందే కష్టము కలిగించినచో అది విసిగి విడుచును. కర్రెగాడు తిండిని ముట్టక, ముందుగ గొంగడి వరుసలను వాసన చూచెను. ఎంత కడిగినను ఆ మడతలలో మిగిలిన మందవాసనను అది చాలసేపు, కదలక, పీల్చుచునే యుండెను. నాయనమ్మ చూడలేక లోనికి పోయెను. ఆ పిమ్మటనే వెదకులాట మొదలైనది. పళ్లెమున నాలుగు గుక్కలైన తిండి నాయందు తీఱికగ, ముట్టెతో పీలికలను తొలగించుచు, ఒక్కొక్క తునకను గెలుచుకొనుచు తినబడినది. తిన్న పిదప అది గొలుసువైపు చూడక నా ప్రక్కనే పరుండి నిద్రించెను.

మనుమరాలు నాయనమ్మకు చదివి చెప్పిన సంగతి యొకటి నాకు మిక్కిలి ప్రియము. 2019లో షార్లొట్ దురాంటన్, అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అను పరిశోధకురాండ్రు కొన్ని పెంపుడు కుక్కలకు రెండు వారములపాటు వాసనతో వెదకు పనిని, మఱికొన్నిటికి యజమాని ప్రక్కన క్రమముగ నడచు శిక్షణను ఇచ్చి, పిదప తిండి యున్నదో లేదో తెలియని చోట పాత్రనుంచి చూడగా, వెదకులాడిన కుక్కలు మునుపటికంటె త్వరగ, ఆశతో దానిని సమీపించినవట. 1963లో గ్లెన్ జెన్సెన్ ఎలుకలయెదుట ఒకవైపు పాత్రలో మేతనుంచి, వేఱొకవైపు మీట నొక్కిన రాలు మేతను ఏర్పఱుపగా, పెక్కెలుకలు మీట నొక్కి సంపాదించుకొనుటకే మొగ్గిన సంగతియు ఆమె చెప్పెను. కుక్కల విషయమున అట్టి పరీక్షల ఫలితము లొక్కతీరుగ లేవనియు వెంటనే చెప్పినందుకు ఆమెపై నాకు గౌరవము హెచ్చినది. ఇక మన పూర్వులు శునకనాసికను ఎఱుగనివారు కారు. పణులనువారు అపహరించిన గోవుల జాడ పట్టి, రసానదిని దాటి, సోదరివై మాతో నుండుమని వారు చూపిన ఆశకు లొంగక నిలిచిన దేవతల కుక్క సరమ, ఋగ్వేదము పదవ మండలమున ఇంద్రుని దూతికగ సంభాషించుచున్నది. ఆమె సంతతిని గేటునకు కట్టి, పళ్లెము చూపి తృప్తిపడుమనుట నాకు న్యాయముగ తోచదు.

నా వలన అపాయము లేదని చెప్పను. వెదకులాట ముగిసిన వెంటనే నన్ను తీసివేయవలయును. ఒంటరిగ నాతో విడిచిన కుక్క పీలికలను పెరికి మ్రింగవచ్చును. నాలో దాచు తిండిని దాని దినభాగమునుండియే తీయవలయును, లేనిచో బరువెక్కును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష దానికి విషప్రాయములు. విందులో మిగిలిన పులావు ప్రేమతో తెచ్చి నాపై చల్లబోయిన వారిని మనుమరాలు వారించుట నేనెఱుగుదును. జిడ్డంటిన నాడు నన్ను ఉతికి, నల్లగొండ యెండలో అడుగువఱకు ఆరనీయవలయును. ముసురు పట్టినప్పుడు ఫ్యాను క్రింద రేయంతయు ఉంచుదురు. ఉన్నిలో తేమ నిలిచినచో బూజు పుట్టి, ఆ వాసనలో తక్కిన వాసనలన్నియు మునిగిపోవును.

ఇప్పుడు కర్రెగాని కన్నులలో తెల్లని పొర దిగుచున్నది. మెట్టు దిగునపుడు తడబడును; పిలిచినవారిని గాలి పీల్చి పోల్చుకొనును. “కండ్లు మసకబడ్డయి గని ముక్కు మంచిగనే ఉన్నది నాయనమ్మా, పట్టా జాగ మాత్రం మార్చకు” అని మనుమరాలు ఫోనులో చెప్పినది మొదలు, నన్ను ప్రతిదినము వసారా స్తంభము ప్రక్కన ఒక్కచోటనే పఱచుచున్నారు. చూపు తగ్గినకొలది దానికి నాతో పని హెచ్చినది. పూర్వము రెండువరుసలలో దాచిన తిండిని నేడు పట్టా యంతటను చల్లుచున్నారు. నా కుడివైపు పీలికలు కొన్ని అరిగి సన్నబడినవి. సంక్రాంతికి వచ్చినప్పుడు వానిని విప్పి క్రొత్తవి ముడివేయుదునని మనుమరాలు చెప్పినందున, కొయ్యలగూడెపు దుప్పటిలో మిగిలిన సగమును నాయనమ్మ ఇప్పటికే ఉతికి, జానెడేసి గుర్తులు పెట్టి, మడిచి యుంచినది.