సమలంబ సంజీవని

మూలము: ఏబీసీడీ ఒక సమలంబ చతుర్భుజం. అందులో ఏబీ, డీసీ సమాంతరాలు. కర్ణాలు ఏసీ, బీడీ 'ఓ' బిందువు వద్ద ఖండించుకొనును. ఏఓబీ, సీఓడీ త్రిభుజాలు సరూపములని నిరూపించుము.

అవతారిక: పదో తరగతి పిల్లలు పరీక్ష ముందు రాత్రి పారాయణ చేసే ఈ వాక్యానికి గైడ్లున్నాయి కాని వ్యాఖ్యానం లేదు. గైడు జవాబు చెప్తుంది, శంక తీర్చదు. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన కోలాచల మల్లినాథ సూరి ఈ చతుర్భుజం జోలికి రాలేదు. అందుచేత అల్పజ్ఞులమైన మేము పూనుకోవలసి వచ్చింది.

ప్రతిపదార్థము: సమలంబ చతుర్భుజం = ఎదురెదురు భుజాల్లో ఒక్క జత మాత్రమే సమాంతరమైనది, రెండో జతకు పొత్తు కుదరనిది; సమాంతరాలు = ఎంత పొడిగించినా కలవనివి; కర్ణాలు = చెవులు కావు, రాధేయుడు అసలే కాడు, ఎదుటి మూలలను కలిపే గీతలు; ఖండించుకొనును = రక్తపాతం లేకుండానే; సరూపములు = కోణాలు సమానమై, భుజాలు ఒకే నిష్పత్తిలో ఉన్నవి; నిరూపించుము = నాలుగు మార్కులకు తగినంత వ్రాయుము.

వ్యాఖ్య: ఏబీ, డీసీలను ఏసీ తిర్యగ్రేఖగా ఖండిస్తున్నది. కాన ఓఏబీ, ఓసీడీ ఏకాంతర కోణాలు, సమానాలు. అట్లే బీడీ తిర్యగ్రేఖ కాగా ఓబీఏ, ఓడీసీ సమానాలు. లెక్కల మాస్టార్లు దీన్నే "జెడ్ వెతకండిరా" అని ఉపదేశిస్తారు. ఇక 'ఓ' దగ్గరివి శీర్షాభిముఖ కోణాలు. అవి సమానమని మొదట గుర్తించింది గ్రీకు జ్ఞాని థేల్స్ అని యూడెమస్ అన్నట్టు ప్రోక్లస్ రాసిపెట్టాడు. గురుపరంపర ఇంత గట్టిగా ఉన్నచోట తగాదా పడరాదు. కో.కో.కో. (కోణం-కోణం-కోణం) నియమం చేత త్రిభుజాలు సరూపాలు.

శంక: రెండు కోణాలు చాలవా? మూడోది పునరుక్తి దోషం కాదా?

సమాధానము: చాలును. త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలు గనుక రెండు సమానమైతే మూడోది చచ్చినట్టు సమానమవుతుంది. అయితే పేపరు దిద్దేవారి ముందు పునరుక్తి దోషం కాదు, అలంకారం.

శంక: మూలంలో 'సమాంతరాలు' అన్న మాట ఎత్తేస్తే ఏమి నష్టం?

సమాధానము: సర్వం నష్టం. శీర్షాభిముఖ కోణాల జత ఒక్కటి మిగులుతుంది, దానితో సరూపత రాదు. జవాబు పత్రాల్లో ఈ మాటను బ్రాకెట్లో ఇరికించి, రాశామంటే రాశామన్నట్టు దాటిపోతారు గాని, బరువంతా మోసేది అదే. యూక్లిడ్ మహాశయుడు తన జ్యామితి గ్రంథపు మొదటి పుస్తకంలో తొలి 28 ప్రతిపాదనలను, నిరూపణ అడక్కుండా ఒప్పుకోమన్న మాటల్లో ఐదోది, అంటే సమాంతర రేఖలకు ఆధారమైన ఐదో స్వీకృతం, దాని ఊసెత్తకుండా నడుపుకొచ్చాడు. 29వ దగ్గర, సరిగ్గా ఈ ఏకాంతర కోణాల దగ్గరే, దాన్ని పిలవక తప్పలేదు. పైన ధీమాగా చెప్పిన 180 డిగ్రీలు కూడా 32వ ప్రతిపాదనలో ఒక సమాంతర రేఖ గీసి సాధించినవే.

ఆ ఐదో స్వీకృతాన్ని మిగతా నాలుగింటి నుంచి రాబట్టాలని ఎందరో తంటాలు పడ్డారు. 1663లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ వాలిస్ ఒక నిరూపణ వినిపించాడు. అందులో ఆయన ముందుగా ఒప్పుకోమన్నది ఒక్కటే: ఏ త్రిభుజానికైనా, కోరిన పరిమాణంలో సరూప త్రిభుజం ఉంటుందని. తర్కం నిర్దోషం. చిక్కల్లా ఆ ఒప్పుకోలులోనే ఐదో స్వీకృతమంతా ఇమిడి ఉంది. అది ఒప్పుకుంటే ఇది వస్తుంది, ఇది ఒప్పుకుంటే అది వస్తుంది. నైయాయికులు దీన్ని అన్యోన్యాశ్రయం అని తోసిపుచ్చుతారు. మాకు మాత్రం వాలిస్ మీద గౌరవమే: సమాంతరత, సరూపత ఒకే తల్లి బిడ్డలని బయటపెట్టినవాడు ఆయన. గోళం మీద చూడండి. అక్కడి 'సరళరేఖలు' మహావృత్తాలు. ఏ రెండు తీసుకున్నా కలుసుకుంటాయి, కాబట్టి సమాంతరాలు లేవు. అందుకు తగ్గట్టే అక్కడ మూడు కోణాలు సమానమైన త్రిభుజాలు సర్వసమానాలే అవుతాయి. కోణాలు చెడకుండా చిన్న నకలు తీయడం అక్కడ అసాధ్యం.

పాఠాంతరము: కొన్ని జవాబు పత్రాల్లో 'ఏఓబీ, డీఓసీ సరూపాలు' అని కనబడుతున్నది. ఇది అపపాఠం. పటంలో ఏ, డీ ఒకే పక్కన ఉన్నాయి కదా అని వాటిని జత కట్టడం వల్ల వచ్చిన ప్రమాదం. ఏ దగ్గరి కోణానికి సమానమైనది సీ దగ్గరిది. కాన ఏకు సీ, బీకి డీ. అక్షరాల వరస తప్పితే నిష్పత్తులూ తప్పుతాయి: ఏఓ బై సీఓ రావలసిన చోట ఏఓ బై డీఓ వస్తుంది. వాలు భుజాలు రెండూ సమానమైన సమలంబంలో అదీ చెల్లుతుంది. తక్కిన వాటిలో చెల్లదు, మార్కూ రాదు.

శంక: పక్కన మిగిలిన ఏఓడీ, బీఓసీ త్రిభుజాల గతి ఏమి? వాటికీ శీర్షాభిముఖ కోణాలున్నవి గదా?

సమాధానము: ఉన్నవి. అయినను ఆ వాలు భుజాలు సమానమైతే తప్ప అవి సరూపాలు కావు. అట్లని వాటికేమీ దక్కలేదని కాదు. ఏబీడీ, ఏబీసీ త్రిభుజాలకు భూమి ఒక్కటే, రెండూ అవే సమాంతర రేఖల నడుమ ఉన్నవి, కాన వైశాల్యాలు సమానం. రెండింటిలోనూ ఉన్న ఏఓబీని తీసివేస్తే మిగిలేవి ఏఓడీ, బీఓసీ. వైశాల్యంలో అవీ సమానమే. ఉదాహరణకు ఏబీ పొడవు డీసీకి రెట్టింపు అనుకుందాం. సీఓడీ ఒక పాలైతే ఏఓబీ నాలుగు పాళ్లు, పక్కవి చెరి రెండు. వెరసి చతుర్భుజం తొమ్మిది పాళ్లు.