ఏడుకార్డులవారు

మా మూడో అంతస్తు ఆయన్ని అపార్ట్‌మెంట్‌లో అందరూ ఏడుకార్డులవారనే అంటారు. పెట్రోలుకొకటి, కిరాణాకొకటి, సినిమాకొకటి, కరెంటు బిల్లుకొకటి. మిగతా మూడూ దేనికండీ అంటే, ‘లైఫ్‌టైమ్ ఫ్రీ కదా, పడుంటాయి’ అంటారు. జీతం అరవై వేలు. లిమిట్లన్నీ కూడితే పదకొండు లక్షలు. తన అసలు సంపాదన ఈ రెండోదేనని ఆయన నమ్మకం.

తిరుమలలో ఉన్నాయనే నయం. కుబేరుడి దగ్గర చేసిన పెళ్లి అప్పుకు కలియుగాంతం దాకా గడువుంది, వడ్డీ కాసులు భక్తులే తెచ్చి హుండీలో వేస్తారు. ఈయనకు బిల్లు పడ్డాక ఇరవై రోజులే గడువు, వేసే భక్తుడూ తనే.

అందుకే ‘మినిమం డ్యూ’ అనే వరాన్ని ఆశ్రయించారు. లక్ష బిల్లుకు ఐదు వేలు కడితే చాలు, బ్యాంకు నవ్వుతూ ఊరుకుంటుంది. మిగిలిన 95 వేల మీద నెలకు 3.75 శాతం చొప్పున వడ్డీ 3,562 రూపాయలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 641. వచ్చే నెల మళ్లీ ఐదు వేలు కడితే అసలులో తరిగేది ఎనిమిది వందలు. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాణ్ని జలగ అని తిడతాం. పాపం, వాడు జీఎస్టీ కూడా వెయ్యడు.

ఇన్ని కార్డులూ ఒక్కరే మోయలేక ఇంటిల్లిపాదికీ యాడ్-ఆన్ కార్డులు ఇప్పించారు. లిమిట్ ఒకటే, గీకే చేతులు నాలుగు. యాడ్-ఆన్ మీద ఎవరు ఖర్చు పెట్టినా బాధ్యత అసలు కార్డుదారుడిదేనని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లో రాసిపెట్టింది. మన ఉమ్మడి కుటుంబాల్లో ఇంటి పెద్దకు ఈ హోదా ఎప్పట్నుంచో ఉన్నదే. కాకపోతే ఆయనకు ఎస్సెమ్మెస్‌లు వచ్చేవి కావు.

ఈయనకు వస్తాయి. మధ్యాహ్నం 12.10: చీరల షాపు, 8,450. 12.55: అదే షాపు, 6,200. అంటే మరదలు కూడా వెంట ఉందన్నమాట. రాత్రి 11.40: బిర్యానీ, 612. అబ్బాయి కంబైన్డ్ స్టడీ ముమ్మరంగా సాగుతోంది. ఇంట్లో ఎవరూ పలకరించకపోయినా ఎవరెక్కడున్నారో ఆయనకు తెలుస్తూనే ఉంటుంది.

శంషాబాద్ లాంజ్‌లో రెండు రూపాయలకు కార్డు గీకి ఇడ్లీ తినడం ఆయనకు మహా సరదా. ఇప్పుడేమో చాలా బ్యాంకులు మూడు నెలల్లో ఇంత ఖర్చు చూపిస్తేనే లోపలికి రానిస్తామంటున్నాయి. ఆ లెక్క నింపడానికి ఫ్రిజ్ మార్చారు. పాతది బాగానే పనిచేసేది.

ఒకటి రెండు మూసెయ్యండి సార్ అన్నాను. బాకీ లేకుండా దరఖాస్తు పెడితే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మనకివ్వాలి, అదీ ఆ నిబంధనల్లోనే ఉందని ఫోన్లో చూపించాను. ‘బాకీ లేకుండా’ దగ్గరే చదవడం ఆపేశారు.

మొన్న సెక్రటరీ గారు మెయింటెనెన్స్ కోసం తలుపు కొట్టారు. రెండు వేల ఐదొందలు, అదీ రెండు నెలల బాకీ. ఏడుకార్డులవారు పర్సు తెరిచి, ఒక్కో కార్డూ తీసి, దేని బిల్లు తేదీ ఎప్పుడో వేళ్ల మీద లెక్కేసుకుని అడిగారు:

‘స్వైపింగ్ మిషన్ తెచ్చారాండీ?’