దొరబాబు వ్యాను ప్రవేశం

సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరై వచ్చాక మా ఆయన కొన్నాళ్లు ఇంట్లో ఉన్న ప్రతి బోల్టూ బిగించారు. బిగించడానికి ఇంకేమీ మిగలక ఒక పాత టెంపో ట్రావెలర్ కొని విజయవాడ ఆటోనగర్‌లో పడేశారు. సీట్లు పీకించి, రెండు బెర్తులు, గ్యాసు స్టవ్వు, నీళ్ల ట్యాంకు, నెత్తిన ఫ్యాను పెట్టించి, ఒక సాయంత్రం జగ్గయ్యపేటలో మా సందులోకి రివర్సులో తోలుకొచ్చి నిలబెట్టారు. "క్యారవానే! ఇక దేశమంతా మన ఇల్లే" అన్నారు. ఈ వయసులో ఎందుకండీ అంటే, "వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు వాళ్ల నాన్న జగ్గయ్య పేరు మీద ఏకంగా పేటే కట్టించాడు, నేనొక వ్యాను కట్టించుకోకూడదా?" అని ఎదురడిగారు. ఆ నాయుడు గారింట్లో ముసలి పిల్లులు ఉండి ఉండవు.

మా ఇంట్లో ఇద్దరున్నారు. దొరబాబుకి పదిహేనేళ్లు. మన లెక్కలో డెబ్బై ఆరుకి దగ్గర. సీతాలు అతనికంటే మూడేళ్లు చిన్న, కోపంలో ముప్ఫయ్యేళ్లు పెద్ద. వీళ్లని వదిలి నేను ఎక్కడికీ రానన్నాను. "తీసుకెళ్దామే. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, తిరగడం వాటి రక్తంలోనే ఉంది" అన్నారాయన. ఏడిళ్లూ పిల్లి ఎంచుకున్న ఇళ్లండీ, ఆటోనగర్‌లో కట్టినవి కావు అన్నాను. పిల్లికి మార్పు అక్కర్లేదని కాదు. 2022 ఏప్రిల్లో మేం కృష్ణా జిల్లాలో నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లిపోయామా? గుమ్మం కదల్లేదు, మంచం కదల్లేదు, జిల్లా ఒక్కటే కదిలింది. పిల్లులకు నచ్చే ప్రయాణం అలాంటిది.

కాగితాల పని మాత్రం చకచకా అయింది. బండి రూపం మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి కావాలి. ఇలాంటి బండ్లకు ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణం కూడా ఉందట. వాటిలో దేని ప్రకారం దొరబాబు అనుమతి తీసుకోవాలో ఎక్కడా రాయలేదు.

క్యారవాన్ అంటే మా వీధి పిల్లలకు సినిమా హీరోలు కూర్చునేదని ఒక్కటే తెలుసు. షూటింగు వచ్చిందనుకుని గుంపుగా మూగారు. తలుపు తీయగానే, మా ఆయన చంకలో నుంచి, ఒక చెవి చిరిగిన దొరబాబు ముఖం బయటకొచ్చింది. అభిమానులు నిరాశగా వెళ్లిపోయారు. ఎదురింటి పిన్నిగారు మాత్రం కదల్లేదు. "పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికెళ్లినట్టు ఇదేం ప్రయాణమే? ఎదురొస్తేనే వెనక్కొచ్చి కాళ్లు కడుక్కుంటామే, ఏకంగా బండిలోనే కూర్చుంటే ఏం కడుక్కుంటారు?" అంది. శాస్త్రంలో దీనికి సమాధానం ఉంటే ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంది. పిల్లి ఎదురైతే అపశకునం. మరి పిల్లితో పాటు మనమే ఎదురొస్తే అవతలివాళ్ల సంగతేమిటి?

దొరబాబుకి బండి అంటే ఉన్న పగ పాతది. నందిగామ నుంచి ఇక్కడికి ఇల్లు మారినప్పుడు అందరూ చెప్పినట్టే గోనె సంచిలో వేసి మూతి కట్టి, ట్రక్కు ఆటోలో బీరువా పక్కన పడేసి తెచ్చారు. దారి తెలిస్తే వెనక్కి పోతుందట, అందుకని సంచి. ముప్ఫై కిలోమీటర్లయినా లేని దారి. ఆ తర్వాత వీధిలో ఆటో చప్పుడైతే చాలు, అటకెక్కేవాడు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ అందరికీ తెలిసిందే కదా. రాయలవారిచ్చిన ఆవు పాలు తాను తాగడానికి, పిల్లికి ఒక్కసారి మరిగే పాలు పెట్టాడు. ఇక అది పాలగిన్నె చూస్తే పారిపోయేది. కథే కావచ్చు గానీ అల్లినవాడికి పిల్లి మనసు బాగా తెలుసు. దాన్ని చెడగొట్టడానికి ఒక్క పూట చాలు, బాగుచేయడానికి మాత్రం తీరిక కావాలి. తీరిక మా ఆయన దగ్గర లారీ లోడుంది, ఓపికే గ్రాములెక్కన ఉంది.

ముందు పశువుల డాక్టరుకి చూపించాలన్నాను. ఆసుపత్రి ముందు వేపచెట్టు కింద వరసగా గేదెలు. వాటి మధ్య బుట్టలో మా ఇద్దరూ. నా వెనకాల నిలబడ్డ రైతు తొంగిచూసి, "ఎన్ని లీటర్లమ్మా?" అన్నాడు. తాగడం అయితే అర లీటరు అన్నాను. డాక్టరు గారు చిగుళ్లు, కళ్లు, బరువు చూసి, ఈ వయసులో కిడ్నీలు, కీళ్లు ముందు చూడాలని రక్తం తీయించారు. "నొప్పి అని చెప్పదమ్మా. ఎప్పుడూ ఎక్కే గోడ ఎక్కడం మానేసిందంటే అదే చెప్పడం" అన్నారు. ఆ ఒక్క ముక్కతో నాకు చాలా అర్థమైంది. సీతాలు కిటికీ ఎక్కడం మానేస్తే ఇన్నాళ్లూ బుద్ధొచ్చిందనుకున్నాను.

మా ఆయన బండిలో నిద్రపోవడానికి సగం పారాసిటమాల్ బిళ్ల వేద్దామా అని అడిగారు. డాక్టరు గారు పెన్ను కింద పెట్టేశారు. మనకు జ్వరం తగ్గించే ఆ బిళ్ల పిల్లికి విషం. దాని లివరు ఆ మందుని విరిచి బయటికి పంపలేదు, సగం బిళ్లయినా ప్రాణం తీయొచ్చు. బయల్దేరే మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపండి, నీళ్లు ఆపకండి, నోరు తెరిచి కుక్కలా రొప్పితే బండి నీడకి ఆపి వెంటనే నాకు ఫోన్ చేయండి, అంతేగాని మనుషుల మందుల డబ్బా ముట్టుకోకండి అన్నారు. గురగురమంటే సంతోషమే కదండీ అంటే, భయమేసినా, నొప్పేసినా కూడా గురగురమంటుందన్నారు. పదిహేనేళ్లుగా నన్ను చూసి సంతోషిస్తున్నాడనుకున్న దొరబాబు మీద ఆ సాయంత్రం కొత్త అనుమానాలొచ్చాయి.

ఇంటికొచ్చాక అసలు యుద్ధం. ఆయన ఆన్‌లైన్లో పిల్లి పరుపు తెప్పించారు. ఫోము వాసన. బండి అంతా ఫినాయిలుతో కడిగి, పైన మల్లెపూల స్ప్రే కొట్టారు. సీతాలు మెట్టు దాకా వచ్చి, ఒక్క తుమ్ము తుమ్మి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. "ఇంత శుభ్రంగా పెడితే దానికేం రోగం?" అని ఆయన మండిపడ్డారు.

"శుభ్రమే రోగమండీ. మీరు ఇల్లు కడిగేస్తే వాళ్లకి అడ్రసు కడిగేసినట్టు."

ఆ రాత్రి నా పాత చీరలతో కుట్టిన బొంత తీసుకెళ్లి బెర్తు మీద పరిచాను. దొరబాబు ఏళ్ల తరబడి పడుకున్నది, పండగ పేరు చెప్పినా నేను ఉతకనివ్వనిది. మర్నాటి నుంచి వాళ్ల అన్నం గిన్నెలు బండి మెట్టు దగ్గర. తర్వాత మెట్టు మీద. తర్వాత లోపల. బండి మాత్రం ఉన్నచోటే ఉంది, తాళంచెవి నా కొంగున ఉంది. ముసలి కీళ్లకి ఆ మెట్టు ఎత్తని, రెండు ఇటుకల మీద పీట వేశాను. రెంటికెళ్లడానికి అంచు తక్కువున్న ప్లాస్టిక్ తొట్టిలో మున్నేటి ఇసుక పోశాను. 2024లో ఉచిత ఇసుక అన్నాక, దాన్ని నిజంగా రూపాయి లేకుండా వాడుకున్నది మా వీధిలో వీళ్లిద్దరే.

ఒక మధ్యాహ్నం పప్పు తాలింపు పెడుతూ కిటికీలోంచి చూశాను. దొరబాబు బెర్తు దిగి, తల వంచి, కుడి బుగ్గ తీసుకెళ్లి గ్యాసు బండ చట్రానికి మెల్లగా రాశాడు. అక్కణ్నుంచి బెర్తు అంచు, తర్వాత తలుపు గొళ్లెం. ఒక్కో చోట రెండేసి సార్లు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పేజీ పేజీకీ ముద్ర కొట్టినట్టు. బుగ్గల్లో ఉండే గ్రంథుల వాసన అది, మనకి తెలియదు, వాళ్లకి ఆస్తి హక్కు. "ఏవండీ, మీ బండి రిజిస్ట్రేషనైంది" అని కేకేశాను. తాలింపు మాడింది. ఆ పూట ఎవరూ ఏమనలేదు.

ఆ తర్వాత ఇంజను స్టార్ట్ చేసి ఆపడం, వీధి చివరిదాకా వెళ్లి రావడం, ఆయన పళ్లు కొరకడం. హారన్ కొట్టొద్దంటే చేతులు కట్టేసినట్టు గింజుకునేవారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లిని రెండేళ్లకోసారి రంగులకి మన పేటకి తీసుకొస్తారు కదా. ఆ తల్లే తిరిగి వెళ్లేటప్పుడు ఊరూరా ఆగి, పూజలందుకుని, తాపీగా చేరుతుంది. ఉన్న దూరమెంత? అమ్మవారికి లేని తొందర మీకెందుకండీ అన్నాను. దానికాయన దగ్గర జవాబు లేదు.

నందిగామకి మాఘమాసంలో వెళ్లాం. వేసవి మాట ఎత్తితే నేను ఒప్పుకోను. ఎండల జాబితా పేపర్లో పడిందంటే అందులో నందిగామ పేరు వెతుక్కోనక్కర్లేదు, పైగా నిలబెట్టిన బండి లోపల బయటికంటే ఘోరం. పిల్లికి చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. సంక్రాంతి ముందు రోజులూ వద్దన్నాను. హైదరాబాదు నుంచి వచ్చే కార్లతో 65వ నంబరు హైవే మీద మనుషులే నోరు తెరిచి రొప్పుతారు. తెల్లవారుజామున బయల్దేరి, ఇద్దర్నీ చెరో బుట్టలో పెట్టి, బుట్టల్ని బెర్తు కాళ్లకి బెల్టుతో బిగించాం. బోల్టుల మనిషికి అక్కడ చేతినిండా పని దొరికింది. సీతాలు చిల్లకల్లు టోల్‌గేటు దాకా ఒకే రాగం తీసింది. ఫాస్టాగ్ ఒకటికి రెండుసార్లు పని చేయక, పక్కకొచ్చిన కుర్రాడు లోపలికి తొంగిచూసి, "లోపల పసిపాప ఏడుస్తోంది బాబాయ్, పాలు పట్టండి" అన్నాడు. దొరబాబు తన బొంతలో ముక్కు దూర్చి పడుకున్నాడు. ఈ దారిలోనే సంచిలో వచ్చాడని అతనికి గుర్తుందో లేదో గానీ, నేను మాత్రం అతని ముఖం చూడలేకపోయాను.

నందిగామలో ఆడపడుచు ఇంటి ముందు ఆపాం. "వదినా, పిల్లుల్ని లోపలికి తీసుకురా, మా వంటింట్లో ఎలుకలున్నాయి" అంది. డెబ్బై ఆరేళ్లాయన్ని చుట్టపుచూపుకి పిలిచి చాకిరీ చేయమంటావా అన్నాను. ఇంట్లోకి తేలేదు. కొత్త ఊళ్లో కాలు బయట పెట్టిన ముసలి పిల్లి ఏ మంచె కిందో దూరిందంటే మూడూళ్లు గాలించాలి. రాత్రి బండిలో వాళ్లతో నేనే పడుకున్నాను. మా ఆయన, ఆటోనగర్‌లో కొలతలిచ్చి చేయించుకున్న రెండు బెర్తులూ వాళ్లకి వదిలేసి, చెల్లెలింట్లో మడత మంచం మీద నడుము వాల్చారు.

సీతాలు ఇక రానంది. నోటితో కాదు, బుట్ట చూడగానే తిండి మానేసింది. నేను బలవంతపెట్టలేదు. ముసలివాళ్లలో కొందరు కాశీకెళ్తారు, కొందరు అరుగు దిగరు. మేం ఊరెళ్తే ఆ పూటలు పిన్నిగారు వచ్చి అన్నం పెడుతుంది, శకునాల గురించి సీతాలుకి చెబుతుంది.

ఇప్పుడు ఆయన మ్యాపు ముందేసుకుని శ్రీశైలం అంటున్నారు. దోర్నాల మీదుగా అడవి దారి, రాత్రయితే గేటు వేసేస్తారు, చుట్టూ పెద్దపులుల అభయారణ్యం. "దొరబాబుకి పెద్ద చుట్టాలని చూపిద్దామే" అంటారు. చూపించొచ్చు. కానీ వాళ్ల బంధువర్గంలో మర్యాద నాకు తెలుసు. బండి దగ్గరికొచ్చిన చుట్టం ముందుగా బుగ్గ తెచ్చి తలుపుకి రాస్తాడు, అప్పుడు ఆ క్యారవాను ఎవరిదో రవాణా శాఖ వచ్చి తేల్చాలి.