ఊళ్లో అమ్మకు పూలు పంపాలా? అడ్రసు ఇవ్వకండి

బెంగళూరులో ఉంటూ కదిరికో, హిందూపురానికో, మదనపల్లెకో పూలు పంపాలనుకునే వాళ్లకు ఈ సలహాలు. మీరు ఇప్పటిదాకా విన్నవాటికి ఇవి పూర్తిగా ఎదురు. ఫోటో అడగొద్దంటాను, పువ్వు మీరు ఎంచుకోవద్దంటాను, బేరం ఆడొద్దంటాను, పండగనాడు అసలు పంపొద్దంటాను. మా ఇంట్లోవాళ్లే వీటితో ఒప్పుకోరు. పన్నెండేళ్లుగా గాంధీబజారు పక్క సందులో కాపురం ఉంటూ కదిరిలో ఉన్న అమ్మకు పూలు పంపిస్తున్నాను. చేసి చూసిందే రాస్తున్నాను.

మొట్టమొదట, బెంగళూరు నుంచి పూలు పంపకండి. తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్ చూసినవాళ్లకు ఈ మాట మింగుడుపడదు. 1928 నాటి ఆ మార్కెట్లో సూర్యుడు రాకముందే బంతి, చామంతి గుట్టలు పోస్తారు. పక్కనే కనకాంబరాలు, కాకడాలు, మరువం, దవనం కట్టలు. ఇన్ని పూలు కళ్లముందు ఉండగా ఊరికి ఒక బుట్ట పంపేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే అందులో చాలా భాగం చిక్కబళ్ళాపురం, కోలారు, తమిళనాడు వైపు తోటల నుంచి వచ్చిన పూలే. ఒకసారి ప్రయాణం చేసిన పువ్వును మెజెస్టిక్‌లో మళ్లీ బస్సెక్కించి, బాగేపల్లి మీదుగా నాలుగు గంటల పైన కుదిపి పంపితే ఏమవుతుంది? మల్లె సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి వాసన ఇస్తుంది. పొద్దున మొగ్గగా కోసిన పువ్వుకు ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే. దాన్ని బస్సు డిక్కీలో పోగొట్టడం నాకు పాపం అనిపిస్తుంది.

అందులోనూ కదిరికి! నరసింహస్వామి ఊరది. మల్లెపూల తిరునాళ్ళ, చింతపూల తిరునాళ్ళ అంటూ పూల పేరు మీదే తిరునాళ్ళు జరిగే ఊరు. కదిరి మల్లెలంటే సీమలో తెలియనివాళ్లు తక్కువ. అటువంటి ఊరికి నేను ఒకసారి బొకే పంపాను. అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజు. ఫోన్లో ఒక కంపెనీ బొమ్మ చూపించింది: పన్నెండు ఎర్ర గులాబీలు, మధ్యమధ్యలో సన్నటి తెల్లపూలు. డబ్బు కట్టేశాను. ఆ కంపెనీకి కదిరిలో మనిషి లేడని తర్వాత తెలిసింది. అనంతపురం నుంచి ఎవరో అబ్బాయి మర్నాడు మధ్యాహ్నానికి తెచ్చాడు. ప్లాస్టిక్ కాగితంలో నాలుగు జెర్బెరాలు, తలలు వాల్చేసిన ఆరు గులాబీలు. అమ్మ వాటిని స్టీలు చెంబులో పెట్టి నాకు ఫోన్ చేసింది.

"బాగుండాయి మా. కానీ వీటిని ఏం చేసేది? తల్లో పెట్టుకుందామంటే ఇంతింత కాడలు. దేవునికి పెడదామంటే ఎవరెవరు ముట్టినారో ఏమో."

నన్ను నొప్పించకూడదని ఆమె ఎంత ఏరి ఏరి మాట్లాడిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. మన ఇళ్లల్లో పువ్వు తల్లోకో, దేవుడి పటానికో, గడపకో పోవాలి. చెంబులో నిలబెట్టి చూసే అలవాటు మా అమ్మకు లేదు. ఆ రోజుతో నా పద్ధతి మార్చుకున్నాను.

దూరంగా ఉన్న ఇంటికి పూలు పంపడం ఎట్లా అన్న ప్రశ్నకు నూరేళ్ల కిందటే జవాబు దొరికింది. 1910లో అమెరికాలో కొందరు పూల వ్యాపారులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఒక ఊరి అంగడివాడు ఇంకో ఊరి అంగడివాడికి తంతి కొట్టేవాడు, అక్కడి పూలు అక్కడి ఇంటికే వెళ్లేవి. కబురు మాత్రమే ప్రయాణం చేసేది. మన దేశంలో తంతి సేవ 2013లో ఆగిపోయింది గానీ, చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో డబ్బు పంపే దారి ఉంది. చిన్న ఊరికి అంతకుమించి అక్కర్లేదు.

ఆ కబురు ఎవరికి చేరాలన్నదే అసలు పని. ఇంటర్నెట్లో వెతక్కండి. మా ఊరి పేరు పెట్టుకున్న నంబర్లకు మూడింటికి ఫోన్ చేసి చూశాను. మూడూ వేరే ఊళ్లలో మోగాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు బస్టాండు దగ్గరో గుడి వీధిలోనో పూలంగళ్ల ముందు అరగంట నిలబడండి. మీ వీధి ఆడవాళ్లు ఎవరి దగ్గర కొంటున్నారో గమనించండి. ఎవరి బుట్టలో పూలు తక్కువగా ఉండి చేతులు ఎక్కువగా ఆడుతున్నాయో చూడండి. అంటే అక్కడ అమ్ముడవుతున్నాయని అర్థం. ఆవిడ దగ్గర రెండు మూరలు కొని, నంబరు తీసుకోండి. మీ నంబరు ఆవిడ ఫోన్లో మీ పేరుతో వద్దు, మీ అమ్మ పేరుతో రాయించండి. మా పూలక్క ఫోన్లో నేను 'టీచరమ్మ కూతురు'ని.

అడ్రసు ఇవ్వకండి. డోరు నంబరూ పిన్‌కోడూ చెప్పడం మొదలుపెడితే ఆవిడ ఎవరిచేతనో రాయించుకోవాలి, తెచ్చే పిల్లవాడు వీధి వీధీ అడగాలి. 2022 ఏప్రిల్లో కదిరి అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఇప్పటికీ కొందరు పాత జిల్లా రాస్తారు, కొందరు కొత్త జిల్లా రాస్తారు. "టీచరమ్మ ఇల్లు, చింతచెట్టు ఎదురు సందు" అంటే ఏ తికమకా లేదు. ఒకవేళ మీ ఇంటికి గుర్తు లేకపోతే పక్కింటివాళ్ల గుర్తు చెప్పండి.

పువ్వు మీరు ఎంచుకోకండి. నా సలహాల్లో ఎక్కువమంది కోప్పడేది దీనికే. "నా డబ్బు, నా తల్లి, నాకు నచ్చిన పువ్వు" అంటారు. కొంచెం వినండి. మల్లెకు ఎండాకాలం పట్టు. చలికాలంలో దొరికేది కొంచెం, దాని ధర మంట. అప్పుడు కాకడాలు, చామంతులు చూసుకోవాలి. వాన కురిసిన పొద్దు మొగ్గల్లో నీళ్లు నిలిచి సాయంత్రానికి రంగు మారతాయి. ఆ రోజు కనకాంబరాన్ని మించింది లేదు. వాసన లేదన్నమాటే గానీ బరువుండదు, తొందరగా వాడదు. ఏ పువ్వు బాగుందో ఆ పొద్దు బుట్టలో చెయ్యి పెట్టిన మనిషికే తెలుస్తుంది.

ఒక డిసెంబరులో నేను మల్లెలే కావాలని పట్టుబట్టాను. పూలక్క ఒప్పుకోలేదు.

"లేవని కాదు మా, ఉండాయి. నిన్నటివి. టీచరమ్మకు నిన్నటి పూలిచ్చి నేను ఏం మొగం పెట్టుకొని ఆ సందులో పోతాను? కాకడాలు పొద్దున్నే వచ్చినాయి. నడుమ మరువం వేసి కట్టిస్తా. అయినా మీయమ్మకు మల్లెలు ఎక్కువైతే తలనొప్పి లేస్తాది, నీకు తెల్దా?"

నాకు తెలియదు. ఆమె కడుపున పుట్టిన నాకు తెలియనిది, వారానికోసారి పూలిచ్చే మనిషికి తెలుసు. అప్పటినుంచి నేను చెప్పేది ఒక్కటే మాట: "ఈ పొద్దు ఏవి బాగుంటే అవి కట్టక్కా."

ఫోటో అడగడం కూడా మానేయండి. కట్టిన పూలను అరటాకులో పెట్టి, చుట్టి, నారతో బిగిస్తారు. మనకు చూపించడానికి దాన్ని విప్పాలి, ఎండలో పట్టుకోవాలి, మళ్లీ చుట్టాలి. అంతకంటే ముఖ్యం, ఫోటో అడగడమంటే నమ్మకం లేదని మొహం మీద చెప్పడమే.

కొలతకూ పట్టుపట్టొద్దు. మూరంటే మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా, నాలుగు మూరలు ఒక బార. చేయి పొడుగైన మనిషి మూర వేరు, పొట్టి మనిషి మూర వేరు. ఉడుపి మల్లెకు గట్టి లెక్క ఉంది. ఎనిమిది వందల మొగ్గలు ఒక చెండు, నాలుగు చెండ్లు ఒక అట్టె. మైసూరు మల్లె, హడగలి మల్లెలతో పాటు దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ఊళ్లలో మాత్రం అమ్మే మనిషి చెయ్యే కొలబద్ద. ఒత్తుగా కట్టిన ఒక మూర, పలచగా కట్టిన రెండు మూరల పెట్టు. "ఒత్తుగా కట్టక్కా" అనండి, మూరలు లెక్కపెట్టకండి. అమ్మ ఒక్కతే కదా అని ఒక్కరికి సరిపడా కూడా చెప్పకండి. పొట్లం విప్పిన చోట పక్కింటి పిన్నమ్మ ఉంటుంది, ఎదురింటి కొత్తకోడలు ఉంటుంది. తుంచి ఇవ్వడానికి చాలకపోతే మా అమ్మ తను పెట్టుకోకుండా ఇచ్చేస్తుంది.

ఇక డబ్బు. ఇక్కడ నేను గాంధీబజారులో నేర్చుకున్నది చెప్పాలి. ఆ చుట్టుపక్కల పాత ఇళ్లల్లో ఇప్పటికీ పూలమ్మే ఆవిడ, కన్నడంలో హూవాడగిత్తి అంటారు, పొద్దున్నే గేటుకు పూలపొట్లం తగిలించి పోతుంది. ఎవరూ పిలవరు, ఎవరూ తలుపు తీయరు. నెలకోసారి లెక్క. దాన్ని అక్కడ వర్తనె అంటారు, మనం వాడుక అంటాం. పాలకు ఉన్నట్టే పూలకూ వాడుక. ఊరికి పూలు పంపేవాళ్లు ఆర్డర్ ఇవ్వడం మానేసి ఇట్లా వాడుక పెట్టుకోవాలి. శుక్రవారం శుక్రవారం పూలు, నెల మొదట్లోనే డబ్బు. బేరం వద్దు. ఏదైనా వారం పూలు రాకపోతే ఆ డబ్బు కోయొద్దు.

ఇంత చెబితే మా ఆయన లెక్కలు తీస్తాడు. రాని పూలకు డబ్బెందుకంటాడు. పూలక్క పనిలో నిల్వ అన్నది లేదు. బట్టలంగడివాడు ఈ రోజు అమ్ముడవని చీర రేపు అమ్ముకుంటాడు. ఈవిడ పొద్దున కొన్న మొగ్గ రాత్రికి విచ్చితే రేపటికి చెత్త. కోసిన రైతుకు డబ్బు ఇచ్చేసి, కట్టిన కూలి తనే భరించి, వానపడితే మొత్తం వదులుకోవాలి. ఆ వాన నష్టంలో కొంత నాది అనుకుంటాను. నా పద్ధతిలో పూలు అందని శుక్రవారాలు ఉంటాయి, దాచిపెట్టను. ఏడాదికి మూడో నాలుగో. అవి పోనివ్వండి.

పండగనాడు పంపకండి. వరలక్ష్మీవ్రతానికి ముందురోజు బెంగళూరు మార్కెట్లలో కాలు పెట్టే సందుండదు, ధర చూస్తే గుండె ఆగుతుంది. పెద్ద ఊళ్లు అంత ధర పెడుతుంటే తోటల్లో పూలు అటే పోతాయి. చిన్న ఊళ్లో మిగిలేది కొంచెం. ఆ కొంచెంలో మనం బెంగళూరు డబ్బుతో నాలుగు బారలు చెబితే, ఏడాదంతా అర మూర కొనుక్కునే ఎవరి ఇంట్లోనో అమ్మవారికి పువ్వు తగ్గుతుంది. పండగ వారం మా వాడుకను నేనే ఆపేయమంటాను. శనివారమో ఆదివారమో, ధర దిగాక, కట్టించి పంపమంటాను. అమ్మ మొదట్లో చిన్నబుచ్చుకుంది. ఇప్పుడు ఆమే గుర్తు చేస్తుంది.

చెప్పకుండా పంపి ఆశ్చర్యపరచాలన్న కోరిక కూడా వదిలేయండి. అమ్మ గుడికి పోయి ఉంటే పొట్లం ఎండలో గేటుకు వేలాడుతుంది. ముందే చెబితే మా అమ్మ నాలుగింటికే జడ వేసుకుని అరుగు మీద కూర్చుంటుంది.

మా జేజి పోయిన రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. కదిరి నుంచి ఫోన్ వచ్చేసరికి పదకొండు దాటింది. మెజెస్టిక్‌కు వెళ్లే ఆటోలోంచి పూలక్కకు ఫోన్ చేశాను. ఏ పూలు, ఎన్ని దండలు అని నేను చెప్పలేకపోయాను. ఆవిడ అడగలేదు. "నువ్వు భద్రంగా రా మా" అని పెట్టేసింది. తెల్లవారి నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో బంతి దండలు, చామంతి దండలు, రెండు గంపల విడిపూలు ఉన్నాయి. ఆవిడ కూడా ఒక మూల కూర్చుని ఉంది. డబ్బు మాట పదకొండో రోజు దాకా ఎత్తలేదు, అది కూడా నేను అడిగితేనే.

శుక్రవారం అమ్మకు పూలు కావాలంటే గురువారం రాత్రి ఎనిమిదిలోపు మీ ఊరి పూలక్కకు ఫోన్ చేయండి. ఆవిడ తెల్లవారకముందే మొగ్గలు కొనాలి.