గంగకు కండె బిరడా

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. నాలుగోది పెట్టడం సర్కారు మరిచిపోయింది గనక గోదారమ్మ ఎవరి మాటా వినలేదు. అదే ఉమ్మడి జిల్లాలో, పెనుబల్లి పక్క, శివరాత్రి వెళ్లిందంటే "బోరు గుక్కలు పోస్తోంది" అన్న మాట మొదలవుతుంది. వరదా మనకే, కరువూ మనకే. ఒకే జిల్లాకు రెండు పథకాలు మంజూరవడం మాటలా!

నీళ్లు లేవని కాదు. అడవిమల్లేల దగ్గర కట్టలేరు మీద లంకాసాగర్ ఉంది. నాగార్జున సాగర్ ఎడమ కాలువకేసి చూసే అలవాటూ ఉంది. ఇక గోదావరి జలాల కోసం 2016లో సీతారామ ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. తొందరపడకండి, ఆ రాముడికి వనవాసమే పద్నాలుగేళ్లు పట్టింది. లెక్క ప్రకారం 2030 దాకా అడిగే హక్కు మనకు లేదు.

ఈలోగా బోర్లున్నాయి. అరచేతిలో కొబ్బరికాయ నిలువుగా లేచిన చోట పాయింటు పెట్టాలి. తమిళనాడు రిగ్గు రావాలి. నీళ్లు పడకపోతే తప్పు భూమిది, పడితే గొప్ప కొబ్బరికాయది. అనుమతి లేకుండా బోరు వేయొద్దని 2002 నుంచీ వాల్టా చట్టం చెబుతూనే ఉంది. కానీ రిగ్గు రాత్రిపూట వస్తుంది, చట్టం పగటి డ్యూటీ.

2016లోనే మిషన్ భగీరథ కూడా వచ్చింది. పల్లెల్లో మనిషికి రోజుకు వంద లీటర్లు లెక్క. నీళ్లు వచ్చే వేళకు ఏ వీధిలోకైనా వెళ్లి చూడండి. గోడవారన పైపు, పైపుకు తిప్పే కుళాయి ఉండదు, మూతిలో మొక్కజొన్న కండె కుక్కి ఉంటుంది. ఆ కండె సందుల్లోంచి నాలుగు వైపులా చిమ్మి, నీళ్లు బజారు తడిపి మురిక్కాలువలో కలుస్తాయి. అక్కడే చాప వేసుకుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న ఇల్లాలిని అడిగాను.

"ఏందక్కా, ఇట్ల వదిలేశారు?"

"పోనియ్ తమ్మీ, సర్కారు నీళ్లేగా!"

సర్కారు నీళ్లు కాలువకు, కొన్న ఇరవై లీటర్ల క్యాను కడుపుకు. ఆ క్యాను నింపడానికి ప్లాంటువాడు ఇంకో క్యానెడు నీళ్లకు తక్కువ కాకుండా డ్రైనేజీలో వదులుతాడు. ఆ నీళ్లు బట్టలకో బండలకో పనికొస్తాయని ఎవరూ అనరు. నీలాద్రి అడవిలో కొలువైన శివుడు ఆకాశగంగనే జటలో బిగించాడంటారు. ఆయన భక్తులకు అర అంగుళం పైపు కట్టేయడం చేతకాలేదు.

ఉపాధి పనుల కింద తవ్విన ఇంకుడు గుంతల సంగతి ఎత్తకపోవడమే మర్యాద. ఫొటో దిగేదాకా అది ఇంకుడు గుంత, ఆ తర్వాత తెగిన చెప్పుల గుంత. వాన రాకపోతే కప్పతల్లి ఆడతాం. రోకలికి కట్టిన కప్ప మీద ఇంటింటా చెంబెడు నీళ్లు పోస్తారు. మన మండలంలో ఆ ఏడు నీళ్లకు కొదవలేనిది ఆ కప్పకే.

ఇప్పుడు కాస్త లెక్క. మన వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన మామూలే. నూట ఇరవై గజాల డాబా మీద అంత వాన పడితే లక్ష లీటర్లు. ఐదుగురున్న ఇంటికి, సర్కారు చెప్పిన వందేసి లీటర్ల చొప్పున, రెండొందల రోజుల వాడకం. లక్షా పట్టే సంపు ఎవరికీ ఉండదు, నిజమే. పట్టినంత సంపుకు, మిగిలింది గులకరాళ్లూ ఇసుకా పోసిన గుంతలోకి వదిలితే బోరుకైనా ఊట దక్కుతుంది. మనమేమో ఆ లక్షనీ గొట్టంలోంచి రోడ్డు మీదికి వదిలి, కట్టలేరులో కలిపి, గంపలగూడెం వైపు సాగనంపుతాం.

రోహిణి కార్తె ఉండగానే డాబా గొట్టం సంపుకు మళ్లించండి. తొలి వాన దుమ్ము బయటికి పోనిచ్చి, రెండో వాన నుంచి పట్టండి. మృగశిర వచ్చాక ప్లంబరు దొరకడు.